స్పృహ వచ్చాక

తలకు దెబ్బ తగిలిన మనిషి ఐసీయూలో ఉంటే, బయట కుర్చీల్లో కూర్చున్నవాళ్లు అడిగే ప్రశ్న ఒక్కటే: "స్పృహ వచ్చిందా?" తెలంగాణలో అయితే "సోయి వచ్చిందా?" అంటారు. వచ్చిందనగానే ఫోన్లు మోగుతాయి, మొక్కులు గుర్తొస్తాయి. స్పృహ అన్న మాటకు పాత అర్థం పట్టుకుంటే మాత్రం ఆ ఫోన్లు కొన్ని నెలలు ఆగాల్సిందే.

సంస్కృతంలో స్పృహ అంటే కోరిక. అమరకోశం దాన్ని ఇచ్ఛ, కాంక్ష, వాంఛ, మనోరథాల సరసన కూర్చోబెట్టింది. పాణిని ఈ ధాతువు కోసం ప్రత్యేకంగా ఒక సూత్రమే చెప్పాడు: కోరిన వస్తువు సంప్రదానమవుతుంది, దానికి చతుర్థీ విభక్తి రావాలి. పూలను కోరడమని కాక, పూలకై కోరడమని చెప్పాలన్నమాట. దానం పుచ్చుకునేవాడికి వచ్చే విభక్తే ఇక్కడ పూలకూ వస్తుంది. కోరే మనసు తననే ఆ వస్తువుకు ఇచ్చేసుకుంటుందని నాకు తోస్తుంది. వ్యాకర్తలు నవ్వుకుంటే నవ్వుకోనీ.

తెలుగులోకి వచ్చాక మాట దారి మార్చుకుంది. స్పృహ తప్పడం, స్పృహలో ఉండడం, ఆపైన విమర్శకుల చేతిలో సామాజిక స్పృహ. కోరిక జాడ కాస్తో కూస్తో 'నిస్పృహ'లో మిగిలింది, అదీ తలకిందులై. సంస్కృతంలో నిస్పృహుడంటే ఆశలు జయించిన యోగి. మన 'నిరాశా నిస్పృహ'ల్లో ఉన్నవాడు ఆశలు ఉడిగి కూలబడ్డవాడు. గ్రీకు మాటకూ ఇదే గతి పట్టింది. స్టోయిక్ తాత్త్వికులు సాధించమన్న 'అపాథియా', నేటి వైద్యుల కేస్‌షీట్లలో 'ఎపతీ' అనే రోగలక్షణమైంది.

తెలుగు అర్థంలోని స్పృహను కొలవడానికి 1974లో టీస్‌డేల్, జెనెట్ అనే వైద్యులు గ్లాస్గోలో ఒక స్కేలు తయారుచేశారు. ఇప్పటి లెక్కలో కళ్లు తెరవడానికి 4, మాటకు 5, కదలికకు 6, మొత్తం 15. ఏ స్పందనా లేకపోయినా 3 వస్తాయి. బండి మీద నుంచి పడిన మా చిన్నాన్న ఇంటికొచ్చేనాటికి పదిహేనుకు పదిహేను తెచ్చుకున్నాడు. పేరు చెప్పేవాడు, ఊరు చెప్పేవాడు, చెయ్యెత్తమంటే ఎత్తేవాడు. ఎవరూ ఏమీ అనకపోతే మంచం మీదే, పొద్దుగూకేదాకా. పెడితే తినేవాడు. పెట్టకపోతే అడిగేవాడు కాదు. ఏం కావాలని ఆ స్కేలు ఎవరినీ అడగదు మరి.

చూడ్డానికొచ్చిన చుట్టాలు "బద్ధకం అలవాటైంది" అని తేల్చేశారు. తలకాయ లోపలి సంగతి వేరు. కపాలం అడుగుభాగం కొన్నిచోట్ల గరుకుగా, అంచులు తేలి ఉంటుంది. తల అదిరినప్పుడు మెదడు ముందుభాగం దానికి ఒరుసుకుని కమిలిపోతుంది. దెబ్బ వెనక తగిలినా నుదుటి వెనకున్న ఫ్రంటల్ లోబ్‌కు గాయమయ్యేది ఇలాగే. పని మొదలుపెట్టించడంలో ఆ భాగానిది పెద్ద పాత్ర. అక్కడ దెబ్బ తగిలితే ఏం చేయాలో తెలిసినా, కాళ్లూ చేతులూ ఆడినా, పూనిక ఉండదు. దీన్ని దిగులు అనుకోవడమూ పొరపాటే. దిగులుపడ్డవాడికి కనీసం దిగులైనా ఉంటుంది.

ఆస్పత్రి కాగితాల మీద ఆ తర్వాతి కాలాన్ని 'పునరావాసం' అంటారు. పోలవరం ముంపు ఊళ్లవాళ్లకు ఇచ్చేదీ ఆ మాటే. చిన్నాన్న పునరావాసంలో పిన్నికి థెరపిస్టు నేర్పింది చాలా చిన్న విద్య. "ఏం తింటారు?" అని అడగొద్దు, రెండు చూపించి ఎంచుకోమనాలి. రోజూ అదే వేళకు అదే పని, గోడ మీద కాగితం, ఫోన్‌లో అలారం. బ్రష్ చేతికిచ్చి ఆగాలి, ఆయన పళ్లు తాను తోమకూడదు.

"ఏవండీ, ఇడ్లీయా, దోసెయా?"

"ఏదైనా."

పిన్ని రెండు ప్లేట్లూ పట్టుకుని అలాగే నిలబడేది. విసుక్కోలేదని అనను. వంటింట్లోకి వెళ్లి విసుక్కునేది.

అమరకోశంలో స్పృహ ఉన్న ఆ వరసలోనే 'దోహదం' కూడా ఉంది. గర్భిణికి పుట్టే కోరిక అది. చెట్టు పూయడానికి చేసే ఉపచారాన్నీ దోహదమే అన్నారు. కావ్యాల్లో అశోకం పూయాలంటే అందెలు పెట్టుకున్న కాలితో ఒక తాపు తన్నాలి. తెలుగులో అదే 'తోడ్పాటు' అన్న అర్థానికి దిగి, "అభివృద్ధికి దోహదం" అంటూ ప్రకటనల్లో పడి అరిగిపోయింది. కానీ ఒకరిలో కోరిక పూయడానికి మరొకరు చేసే ఉపచారానికి ఇంతకన్నా తగిన మాట నాకు తెలియదు. రెండు ప్లేట్లతో పిన్ని చేసింది అదే. కాలితో తన్నాలనీ ఒకటి రెండుసార్లు అనిపించి ఉంటుంది.

తీరా కోరిక పుట్టాక అదేమీ ముద్దుగా లేదు. ఒక పొద్దున్న, ఎవరూ కదిలించకుండానే చిన్నాన్న మంచం దిగి వచ్చి "బండి తాళాలేవి?" అన్నాడు. మూర్ఛ మందులు ఇంకా ఆపలేదు, డాక్టరు బండి ముట్టుకోవద్దన్నాడు. పిన్ని ఇవ్వనంది. ఆయన అరిచాడు. పడ్డాక గొంతు పెంచడం అదే మొదలు. పిన్నీ తగ్గలేదు, ఆ రోజంతా పోట్లాడుకున్నారు.