ఇంద్రకీలాద్రిపై శాకంబరీ అలంకారము

నూరేండ్ల అనావృష్టి సంభవించినపుడు, వానలు కురియువరకు తన దేహమునుండి పుట్టిన శాకములతో లోకమును పోషింతునని దేవీ మాహాత్మ్యము 11వ అధ్యాయములో జగన్మాత అభయమిచ్చినది. దేవీ భాగవతము ఆమె చేతులలో ఫలములను కూడ వర్ణించినది.

విజయవాడ కనకదుర్గాలయములో ఆషాఢ పౌర్ణమితో ముగియు 3 రోజుల ఉత్సవమున అమ్మవారిని, ఆలయ ప్రాంగణమును కూరగాయలు, ఆకుకూరలు, పండ్ల దండలతో అలంకరింతురు.

ఈ సీమ కరవును కన్నులారా చూచినది. 1832-33 నాటి నందన కరవు గుంటూరు మండలమును కబళించినది. పిమ్మట 1855 నాటికి ఈ కొండ చెంతనే కృష్ణపై ఆనకట్ట పూర్తియై, ఇరుగట్ల పొలములకు నీరందినది.

నేడు రైతులు, వర్తకులు సమర్పించు కాయగూరలు కదంబ ప్రసాదమై భక్తులకు అందుచున్నవి. ఆకలి తీర్చినపుడే ఈ అలంకారము సంపూర్ణము.