సన్నగొట్టపు తుపాకి, కలివికోడి

కలివికోడి పేరు మన విద్యార్థులలో చాలామంది వినియే ఉంటారు. కలివిపొదల నడుమ రాత్రివేళ తిరుగాడే ఈ పక్షిని మద్రాసు సర్కారు కొలువులో వైద్యుడుగా ఉండిన థామస్ జెర్డన్ సేకరించినాడు. కలకత్తా ఏషియాటిక్ సొసైటీ మ్యూజియమును చూచుకొనుచుండిన ఎడ్వర్డ్ బ్లిత్ 1848లో దానిని శాస్త్రలోకానికి వర్ణించి చెప్పినాడు. 1900లో హోవర్డ్ కాంప్‌బెల్ అనే ఆయన అనంతపురం దాపున దీనిని చూచినాడు. ఆ తరువాత ఎనభై ఆరేండ్లు ఎవరికీ కనబడలేదు. ఆ పక్షి ఉన్నదని లోకానికి మొదట తెలిపిన పనిముట్టు తుపాకి. ఎట్టి తుపాకి ఎందుకు ఎంచుకొనేవారన్నది కొంచెము లెక్కతో కూడిన చరిత్ర.

ఆనాడు పక్షిని గుర్తించుటకు చేతిలోకి తెచ్చుకొనుట తప్ప వేరు మార్గము లేదు. ఈనాటి వంటి పట్టకపు బైనాక్యులర్లు 1890 దశకములో గాని అంగడికి రాలేదు. పరుగెత్తే పక్షిని ఫోటో తీయగల కెమెరా అంతకన్న ఆలస్యము. అందుచేత ముక్కు కొలత, రెక్క కొలత, ఈకల రంగు అన్నీ చచ్చిన పక్షిని చూచియే వ్రాసుకొన్నారు. ఎ.ఓ. హ్యూమ్ 1885లో బ్రిటిష్ మ్యూజియమునకు ఇచ్చిన సేకరణలో చర్మములు, గ్రుడ్లు కలిపి 80 వేలకు పైగా ఉన్నవి. ఇది తలచుకొంటే మనసు బాధపడుతుంది గాని, మన పక్షిశాస్త్రము ఆ పునాది మీదనే నిలిచినది.

చిక్కు ఇక్కడ ఉన్నది. బాతులను కొట్టుటకు చేసిన పెద్ద తుపాకితో గువ్వంత పక్షిని దగ్గరనుండి కొడితే చేతికి వచ్చేది నాలుగు ఈకలు. చర్మము చిరుగకుండ, ఈక చెడకుండ పక్షి పడవలెను. దీనికి ఆవగింజంత సీసపు గుండ్లు, కొద్దిపాటి మందు, సన్నని గొట్టము కావలెను. అమెరికా శాస్త్రజ్ఞుడు ఇలియట్ కౌస్ 1874లో పక్షి సేకరణపై వ్రాసిన చేతిపుస్తకము తుపాకి ఎంపికతోనే మొదలవుతుంది.

సన్నని గొట్టమంటే ఎంత సన్నము? తుపాకుల అంగడిలో ‘12 బోరు’, ‘20 బోరు’, ‘28 బోరు’ అంటారు. అంకె పెరిగినకొద్దీ గొట్టము సన్నబడుతుంది. ఇది తలక్రిందులుగా తోచవచ్చును. ఒక పౌను సీసమును 12 సమాన గుండ్లుగా పోస్తే, ఒక్కొక్క గుండు సరిగా పట్టే గొట్టము 12 బోరు. 28 గుండ్లుగా పోస్తే గుండు చిన్నది, గొట్టమూ చిన్నది. ఉపాధ్యాయులు దీనిని తరగతిలో చేయించవచ్చును. పౌను 453.6 గ్రాములు, సీసము సాంద్రత 11.34. పన్నెండవ వంతు 37.8 గ్రాములు, దాని ఘనపరిమాణము 3.33 ఘన సెంటీమీటర్లు. గోళపు సూత్రము వేస్తే వ్యాసము 18.5 మిల్లీమీటర్లు వస్తుంది. ఇదే లెక్కన 20 బోరు 15.6, 28 బోరు 14 మిల్లీమీటర్లు. కాని ‘410’ అని వాడుకలో ఉన్న తుపాకికి ఈ లెక్క వర్తించదు. అది అంగుళములో వెయ్యింట 410 వంతులు, అనగా 10.4 మిల్లీమీటర్లు. దానిని నిజముగా 410 బోరు అనుకొని లెక్కవేసిన విద్యార్థికి 5.7 మిల్లీమీటర్లు వస్తుంది. తప్పు విద్యార్థిది కాదు, పేరు పెట్టినవారిది.

ఇక బరువు సంగతి. మా సోమందేపల్లె పరిసరాల నేల చూచినవారికి ఇది వేరుగా చెప్పనక్కరలేదు. ఎర్రని గరుగు నేల, రాతిగుట్టలు, ముళ్ళపొదలు. సాలుకు 550 మిల్లీమీటర్ల వాన కురిస్తే మంచి ఏడాది. ఇట్టి చోట కౌజులు, పూరేళ్ళు ఒకచోట గుంపుగా కూర్చుండి ఎదురుచూడవు. ఉదయమంతా నడిస్తే ఒకటి రెండు సార్లు లేస్తాయి. తుపాకి పేల్చే సమయము క్షణము, మోసే సమయము గంటలు. ఏడు పౌనుల, అనగా మూడు కిలోలకు పైబడిన పన్నెండు బోరును ఎండలో పది మైళ్ళు చేతులలో మోసినవాడు అయిదు పౌనుల తుపాకి కోరుటలో వింత లేదు.

అయితే తుపాకిని తేలిక చేయుట అంటే ఊరికే ఇనుము చెక్కివేయుట కాదు. న్యూటన్ మూడవ సూత్రము అడ్డు వస్తుంది. 32 గ్రాముల గుండ్లు సెకనుకు 400 మీటర్ల వేగముతో బయలుదేరితే వాటి ద్రవ్యవేగము 12.8. అంతే ద్రవ్యవేగము తుపాకికి వెనుకకు వస్తుంది. తుపాకి 3.2 కిలోలయితే అది సెకనుకు 4 మీటర్ల వేగముతో భుజాన్ని తన్నుతుంది. అవే గుండ్లు 2.5 కిలోల తుపాకిలో వేస్తే వేగము 5.1 మీటర్లు, శక్తి 26 జౌళ్ళనుండి 33కు పెరుగుతుంది. (మందు, వాయువుల బరువు ఇక్కడ వదలివేసినాను, కలిపితే తన్ను ఇంకా ఎక్కువే.) ఆ తేలిక తుపాకిలో 21 గ్రాములు మాత్రమే వేస్తే వేగము 3.4 మీటర్లు. కాబట్టి తేలిక తుపాకి, చిన్న తూటా జోడుగా రావలెను. ఇంగ్లీషు పనివారికి పాత లెక్క ఒకటి కలదు: గుండ్ల బరువుకు 96 రెట్లు తుపాకి బరువుండవలెను. 32 గ్రాములకు మూడు కిలోలు, 21 గ్రాములకు రెండు కిలోలు. న్యూటన్‌ను చదువని పనివాడు కూడా భుజము నొప్పితో ఈ లెక్కకు రాగలడు.

జెర్డన్ కాలపు తుపాకిని మూతినుండి కూరేవారు. అందులో ఒక సుఖమున్నది: ఏ పక్షికి తగిన మందు, గుండ్లు ఆ పక్షికి కొలిచి పోసుకొనవచ్చును. 1851 లండను ప్రదర్శన తరువాత వెనుకనుండి తూటా పెట్టే తుపాకులు వ్యాపించినవి. తూటాలో కొలత ముందే నిర్ణయమై ఉంటుంది గనుక, చిన్న కొలత కావలసినవాడు చిన్న గొట్టమునే వెతుకుకొనవలసి వచ్చినది. కొందరు పన్నెండు బోరు గొట్టములో సన్నగొట్టమును దూర్చి పని గడుపుకొన్నారు.

గొట్టములు రెండు ప్రక్కప్రక్కన ఉండుట మన దేశములో పరిపాటి. ఒకదానిపై నొకటి ఉండే ఏర్పాటు చెకుముకి తుపాకుల నాటినుండే ఉన్నది. లండనులో బాస్ వారు 1909లో దానిని నాజూకుగా చేసినారు. జాన్ బ్రౌనింగ్ రూపొందించినది బెల్జియములో తయారై 1931లో అంగడికి వచ్చి సామాన్యులకు అందినది. 1949లో 20 బోరు వచ్చినది. దీనిలో చూపు ఒకే సన్నని గొట్టము వెంబడి సాగుతుంది. క్రింది గొట్టము భుజమునకు ఎదురుగా ఉండుటచేత మొదటి దెబ్బకు మూతి పైకి ఎగయదు. లోపము కూడా ఉన్నది: క్రింది గొట్టములో తూటా పెట్టుటకు తుపాకిని ఎక్కువగా విరువవలెను. కొనేవారు గమనింపవలసిన మోసమొకటి కలదు. పన్నెండు బోరు చట్రము మీదనే 28 బోరు గొట్టములు బిగించి అమ్మితే, గొట్టపు గోడలు దళసరియై తుపాకి తేలిక కాదు సరిగదా బరువెక్కుతుంది కూడా. చట్రము సైతము గొట్టమునకు తగినట్లు చిన్నదైనప్పుడే సన్నగొట్టమునకు అర్థము.

1972 వన్యప్రాణి సంరక్షణ చట్టముతో ఈ ఎంపిక మన గుట్టలలో అవసరము లేనిదైనది. కౌజును గాని, బట్టమేకపిట్టను గాని వేటాడుట నేరము. ఇప్పుడీ లెక్క మట్టిపళ్ళెములను కొట్టే పోటీలలో మిగిలినది. ఒలింపిక్ పందెములలో పన్నెండు బోరులో వేసే గుండ్లు కూడా 24 గ్రాములే.

ఇక కలివికోడి. 1931-32లో నైజాము రాష్ట్రపు పక్షులను పరిశీలించిన సలీం అలీ చేతిలోనూ తుపాకి ఉండినది. ఈ పక్షి మాత్రము దొరకలేదు. 1986 జనవరిలో కడప జిల్లా రెడ్డిపల్లె దగ్గర బొంబాయి నాచురల్ హిస్టరీ సొసైటీకి చెందిన భరత్ భూషణ్ దీనిని తిరిగి లోకానికి చూపినాడు. రాత్రివేళ టార్చి వెలుగులో దానిని చేతితో పట్టినది ఆ ఊరివాడే. నూరేండ్లుగా గొప్ప గొప్ప తుపాకులకు చిక్కని పక్షి చేతిదీపమునకు చిక్కినది. కొద్దిదినములకే అది చనిపోయినది. 1988లో ఆ ప్రాంతము లంకమల్లేశ్వర అభయారణ్యమైనది. తరువాతి పరిశోధకులు పొదల నడుమ మెత్తని మట్టిని బద్దలుగా పరచి, తెల్లవారి దానిపై మూడువేళ్ళ అడుగుల కొరకు వెతికినారు. ప్రక్కన దానంతట అదే బొమ్మ తీసే కెమెరా నుంచినారు.