ములుగు అడవి మారుమూల ఎప్పుడైంది?

ములుగు, తాడ్వాయి, ఏటూరునాగారం పేర్లు వినగానే వరంగల్లు వాళ్లకు కూడా ‘మారుమూల ఏజెన్సీ’ అన్న మాటే నోటికొస్తుంది. కొండలూ అడవీ అడ్డుపడి కోయలు లోకానికి దూరంగా ఉండిపోయారన్నది అందరూ చెప్పే కథ. నాకది మింగుడుపడదు.

కాకతీయుల సంగతి తెలిసిందే: పాలంపేటలో 1213 నాటి రామప్ప గుడి, పక్కనే చెరువు, ఆ దాపునే లక్నవరం. అడవి నడుమ అంత నీటిపారుదల పెట్టిన రాజ్యానికి ఈ నేల తెలియనిది కాదు. మేడారం సమ్మక్క సారక్కల కథను చరిత్రగా ఒప్పుకోనివారు కూడా చూడాల్సింది ఒకటుంది: అందులో కాకతీయులతో తగవంతా కప్పం గురించే.

అసలు చిక్కు నిజాం చివరి దశలో ఉంది. ఖమ్మం అప్పటికి వరంగల్లు జిల్లాలోనే ఉండేది. ఆ వైపు గోదావరి ఒడ్డు కొండరెడ్ల మీద మానవశాస్త్రవేత్త హైమెండార్ఫ్ 1945లో పుస్తకం తెచ్చాడు. అందులో కనబడేవాళ్లు లోకం ఎరగనివాళ్లు కారు; కలప, వెదురు వ్యాపారుల కింద కూలికి నలిగినవాళ్లు. హైమెండార్ఫ్ నిజాం సర్కారు సలహాదారుగా కూడా పనిచేశాడు, ఆ చూపుకు హద్దులున్నాయి. రెడ్ల అనుభవాన్ని ములుగు కోయలకు యథాతథంగా అంటగట్టనూ లేం. అయినా నది ఒకటే, అటవీశాఖా ఒకటే. సరుకు బయటికి పోతూనే ఉంది; రిజర్వు హద్దులు మాత్రం పోడును నేరంగా మార్చాయి. దూరం కొండలు పెట్టింది కొంత, కాగితాలు పెట్టింది ఎక్కువ. పాకిస్తాన్‌లోని వజీరిస్తాన్‌లోనూ అంతే: 1901 నాటి ప్రత్యేక చట్టం కింద ఆ పష్తూన్ కొండలు 2018 దాకా వేరు పాలనలో నడిచాయి.

ఇక్కడ చట్టం రక్షణగానూ వచ్చిందని ఒప్పుకోవాలి. గిరిజనుల భూమి ఇతరుల చేతికి పోకుండా ఆపే 1959 నాటి భూబదలాయింపు నిబంధన 1963లో తెలంగాణకు వర్తించింది, 1970లో గట్టిపడింది. కానీ పట్టా చేతిలో లేనివాడికి అమ్మకం మీద నిషేధం ఏపాటి అండ?

2019 ఫిబ్రవరిలో ములుగు జిల్లా అయింది. సంబరపడ్డాం, నిజమే. రెండేళ్లకోసారి జాతర కోసం వేసే రోడ్లు మేడారం గద్దెల దాకా నున్నగా వెళ్తాయి. వాగు అవతలి గూడేనికి మాత్రం వానాకాలంలో ఇప్పటికీ దారి తెగుతుంది. కమలాపురం రేయాన్స్ కార్ఖానా కొన్నేళ్లు కలప మింగి 2014లో మూతపడింది, కూలీలు రోడ్డున పడ్డారు. సమ్మక్క సారక్క పేర గిరిజన విశ్వవిద్యాలయానికి 2023 డిసెంబరులో పార్లమెంటు ఆమోదం దొరికింది. అందులో కోయభాషకు కుర్చీ వేస్తారో, పేరుతోనే సరిపెడతారో నాకు అనుమానమే.