ఔట్‌బోర్డ్ మోటార్లలో గాల్వానిక్ తుప్పు

ఉప్పునీటిలో రెండు వేర్వేరు లోహాలు ఒకదానికొకటి తగిలి ఉంటే, వాటిలో చురుకైనది కరిగిపోతూ రెండోదాన్ని కాపాడుతుంది. దీన్ని గాల్వానిక్ తుప్పు అంటారు. పడవ వెనుక భాగానికి బిగించే ఔట్‌బోర్డ్ మోటారుకు సముద్రంలో ఎదురయ్యే పెద్ద ముప్పుల్లో ఇదొకటి. మోటారు ఒళ్లంతా పోతపోసిన అల్యూమినియం. ప్రొపెల్లర్‌ను తిప్పే ఇరుసు, బోల్టులు స్టెయిన్‌లెస్ స్టీలువి. చాలా మోటార్లకు ప్రొపెల్లర్ కూడా స్టీలుదే. లోపల అక్కడక్కడ ఇత్తడి, కంచు భాగాలుంటాయి. వేర్వేరు లోహాలు లేకుండా మోటారు తయారు చేయడం కుదరదు. అందుకే ఇంజనీర్లు ఏ లోహం కరగాలో తామే ముందుగా నిర్ణయించే దారి పట్టారు. ఆ ఎంపిక ఎలా మారుతూ వచ్చిందన్నదే ఈ విషయపు చరిత్ర.

జరిగేదేమిటి

కిలో సముద్రపు నీటిలో సుమారు 35 గ్రాముల లవణాలుంటాయి. ఇది విద్యుత్తును మంచినీటికన్నా వందల రెట్లు తేలిగ్గా పోనిస్తుంది. ఇందులో మునిగిన ప్రతి లోహానికీ ఒక పొటెన్షియల్ ఉంటుంది. అది ఎంత కింద ఉంటే లోహం అంత చురుకైనది. సిల్వర్ క్లోరైడ్ ప్రమాణ ఎలక్ట్రోడ్‌తో పోల్చి కొలిస్తే జింకుది మైనస్ 1.03 వోల్టుల దగ్గర ఉంటుంది. అల్యూమినియం మిశ్రమలోహాలది చాలావరకు మైనస్ 0.75, మైనస్ 1.0 మధ్య, రాగి, కంచులది మైనస్ 0.2, మైనస్ 0.4 మధ్య ఉంటుంది. స్టెయిన్‌లెస్ స్టీలుది సున్నాకు కాస్త కింద. అల్యూమినియం, స్టీలు తగిలి ఉన్నచోట ఎలక్ట్రాన్లు అల్యూమినియంలోంచి స్టీలులోకి పోతాయి. స్టీలు మీద వాటిని నీటిలో కరిగిన ఆక్సిజన్ అందుకుంటుంది. ఎలక్ట్రాన్లు పోగొట్టుకున్న అల్యూమినియం అయాన్లుగా మారి నీటిలోకి దిగుతుంది. ఇక్కడ అల్యూమినియం ఆనోడ్, స్టీలు కాథోడ్. రెండు లోహాల తాకిడి తెగినా, మధ్యలో నీరు లేకపోయినా ఈ ప్రవాహం ఆగిపోతుంది.

వోల్టుల తేడా ఎంతన్నదొక్కటే లెక్క కాదు, వైశాల్యాల నిష్పత్తి కూడా లెక్కే. పెద్ద ఆనోడ్ పక్కన చిన్న కాథోడ్ ఉంటే నష్టం పలచగా పరుచుకుంటుంది. పెద్ద కాథోడ్ పక్కన చిన్న ఆనోడ్ ఉంటే నష్టమంతా ఆ చిన్న చోటునే తొలిచేస్తుంది. రంగు వేసిన గేర్‌కేసు (గేర్లుండే, నీటిలో మునిగే కింది డబ్బా) మీద ఒక్క గీత పడినా, స్టీలు ప్రొపెల్లర్ లాగే విద్యుత్తులో ఎక్కువ భాగం ఆ గీతలో బయటపడిన అల్యూమినియం మీదే పడుతుంది.

ఇనుప తుప్పులా ఇది ఎర్రగా కనబడదు. గేర్‌కేసు అంచున రంగు చిన్న పొక్కులా లేస్తుంది. గోటితో గీరితే కింద తెల్లటి పొడి ఉంటుంది. పొడి తుడిస్తే సూదిమొన దిగేంత గుంటలు. అల్యూమినియం మరలో బిగించిన స్టెయిన్‌లెస్ బోల్టు దగ్గర కనబడే లక్షణం వేరు. అక్కడ కాథోడ్ చిన్నదే కాబట్టి లోహం పోయేది కొద్దిగానే. కానీ మర సందులో పుట్టిన అల్యూమినియం హైడ్రాక్సైడ్ అసలు లోహంకన్నా ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. బోల్టు బిగుసుకుపోతుంది. స్పానరుతో గట్టిగా తిప్పితే తల తెగి చేతికొస్తుంది, కాడ లోపలే ఉండిపోతుంది. సముద్రపు మోటార్ల మరమ్మతులో విసుగు పుట్టించే పని చాలావరకు ఈ కాడల్ని బయటికి తీయడమే.

రాగి తొడిగిన ఓడలు

ఈ తుప్పును మనుషులు గుర్తించేనాటికి విద్యుత్ ప్రవాహమంటే ఏమిటో ఎవరికీ తెలియదు. చెక్కను తొలిచే పురుగుల నుంచి కాపాడేందుకు 1761లో బ్రిటిష్ నౌకాదళం అలారం అనే ఓడ అడుగుభాగానికి రాగి రేకులు తొడిగింది. ఓడ వెస్టిండీస్ సముద్రాల్లో తిరిగి వచ్చాక చూస్తే చాలాచోట్ల రేకులు ఊడిపోయాయి. రాగి బాగానే ఉంది. దాన్ని పట్టి ఉంచిన ఇనుప మేకులే తినేసినట్టయ్యాయి. కానీ కొన్ని మేకులు మాత్రం చెక్కుచెదరలేదు. రేకులు ఓడలరేవుకు గోధుమరంగు కాగితంలో చుట్టి వచ్చాయి, ఆ కాగితం తీయకుండానే కొన్నిచోట్ల మేకులు కొట్టేశారు. మేకుకూ రాగికీ మధ్య కాగితం నిలిచిన చోట మేకు నిలిచింది. సముద్రపు నీటిలో ఇనుము రాగిని నేరుగా తాకకూడదని 1763లో నౌకాదళానికి నివేదిక వెళ్లింది. నేడు బోల్టు కింద వేసే నైలాన్ వాషరు చేసే పని అప్పుడా కాగితం చేసింది. సిద్ధాంతం పుట్టకముందే ఇక్కడ పరిష్కారం దొరికింది.

సిద్ధాంతం తర్వాత వచ్చింది. బొలోన్యాలో లుయీజీ గాల్వానీ కప్పకాళ్ల మీద చేసిన ప్రయోగాలను 1791లో ప్రచురించాడు. ఆ విద్యుత్తు కప్పది కాదని, రెండు వేర్వేరు లోహాల తాకిడిలో ఉందని వాదించిన అలెస్సాండ్రో వోల్టా 1800లో తన బ్యాటరీని లోకానికి తెలియజేశాడు. జింకు, వెండి బిళ్ళల మధ్య ఉప్పునీటిలో తడిపిన అట్టముక్కలు పెట్టి పేర్చినదే ఆ బ్యాటరీ. ఉప్పునీటిలో దిగిన ఔట్‌బోర్డ్ మోటారు కూడా, అడగకుండానే, అలాంటి బ్యాటరీ అవుతుంది.

వోల్టా విద్యను ఓడల మీద ప్రయోగించినవాడు హంఫ్రీ డేవీ. ఓడల రాగి తొడుగు త్వరగా అరిగిపోతోందని నౌకాదళం రాయల్ సొసైటీ సలహా కోరింది. అప్పటికి డేవీయే ఆ సొసైటీ అధ్యక్షుడు. రాగికన్నా చురుకైన లోహపు చిన్న ముక్కను తగిలిస్తే రాగి అరగదని ఆయన 1824 జనవరిలో సొసైటీకి సమర్పించిన పత్రంలో చెప్పాడు. ఆ ప్రయోగాల్లో ఆయనకు సాయపడినవాడు మైకేల్ ఫారడే. జింకుతో, పోత ఇనుముతో ప్రయత్నించారు. కొచ్చిన్‌లో కట్టిన సమరాంగ్ అనే ఓడకు పోత ఇనుప ముక్కలు బిగించి నోవా స్కోషియాకు పంపారు. ఓడ తిరిగొచ్చాక చూస్తే రాగి దాదాపు కొత్తదానిలా ఉంది.

అయినా నౌకాదళం 1825లో ఆ ముక్కల్ని తీయించేసింది. రాగి కొంచెం కొంచెంగా కరుగుతూ ఉంటేనే ఆ విషానికి నాచు, గుల్లలు దూరంగా ఉంటాయి. కరగడం ఆగిన రాగి మీద అవి గుంపులుగా పట్టాయి, ఓడల వేగం పడిపోయింది. డేవీ రసాయనశాస్త్రం కచ్చితంగా పనిచేసింది కాబట్టే గుల్లలు పట్టాయి. ఈ పాఠం విలువ మన కాలంలో ఇంకా పెరిగింది. గుల్లలు పట్టకుండా పడవలకు వేసే రంగుల్లో చాలావాటిలో నేటికీ రాగి సమ్మేళనాలే ఉంటాయి. వాటిని అల్యూమినియం మోటారు కాళ్లకు పూస్తే గుల్లల బదులు మోటారే పోతుంది.

తేలికైన మోటారు, చురుకైన లోహం

ఔట్‌బోర్డ్ మోటార్ల వ్యాపారం 20వ శతాబ్దం తొలి దశాబ్దంలో అమెరికాలో ఊపందుకుంది. కామెరాన్ వాటర్‌మన్ 1905లో తన మోటారును డెట్రాయిట్ నదిలో పరీక్షించాడు. నార్వేలో పుట్టి అమెరికాలో స్థిరపడిన ఓలే ఎవిన్‌రూడ్ 1909లో మిల్వాకీలో అమ్మకాలు మొదలుపెట్టాడు. ఆయన మోటారు ఒకటిన్నర హార్స్‌పవర్‌ది, బరువు సుమారు 28 కిలోలు. అప్పటి మోటార్లలో ఇనుము, ఇత్తడి, కంచులే ఎక్కువ. అవి బరువైనవే గాని, ఇత్తడి, కంచు ఉప్పునీటికి చాలాకాలం ఓర్చుకునే లోహాలు.

భార్య బెస్ ఆరోగ్యం బాగాలేక ఎవిన్‌రూడ్ 1914లో వ్యాపారం అమ్మేశాడు. కొన్నేళ్లకు మళ్లీ వచ్చి 1921లో ఎల్టో అనే రెండు సిలిండర్ల మోటారును మార్కెట్లో పెట్టాడు. మూడు హార్స్‌పవర్, సుమారు 22 కిలోలు. శక్తి రెట్టింపయింది, బరువు తగ్గింది. అల్యూమినియం వాడకం వల్లే అది సాధ్యమైంది. 1886లో హాల్, హెరూల్ట్ వేర్వేరుగా కనిపెట్టిన విద్యుత్ పద్ధతి అల్యూమినియాన్ని చవక చేయకపోతే ఇంత తేలికైన మోటారు వచ్చేది కాదు. కానీ ఆ తేలికదనంతో పాటు కొత్త బలహీనత కూడా మోటారులోకి వచ్చింది. కంచు ప్రొపెల్లర్‌తో, స్టీలు ఇరుసుతో పోటీ పడితే ఓడిపోయే లోహమే ఇప్పుడు మోటారు శరీరం. మంచినీటి సరస్సుల్లో అది పెద్దగా బయటపడలేదు. సముద్రంలోకి దిగాకే బయటపడింది.

ఉప్పునీటిలో అల్యూమినియాన్ని కాపాడే ఆలోచన మొదట సముద్ర విమానాల నుంచి వచ్చింది. 1923లో బ్రిటన్‌లో బెంగో, స్టూవర్ట్ క్రోమిక్ ఆమ్లంలో అల్యూమినియం మీద దట్టమైన ఆక్సైడ్ పొరను పెంచే పద్ధతి కనిపెట్టారు. అదే దశాబ్దం చివర్లో అమెరికాలో రాగి కలిసిన బలమైన అల్యూమినియానికి శుద్ధ అల్యూమినియం పొర తొడిగిన ఆల్‌క్లాడ్ రేకులు వచ్చాయి. ఈ రెండు దారులూ తర్వాత పడవ మోటార్లకు పనికొచ్చాయి. మొదటిది రంగుకు ముందు ఉపరితలాన్ని సిద్ధం చేయడంలో, రెండోది రాగిని వీలైనంత దూరం పెట్టాలన్న సూత్రంలో.

జింకులో ఇనుము

ఇనుప ఓడల మీద కంచు ప్రొపెల్లర్ల దగ్గర జింకు పలకలు బిగించడం 19వ శతాబ్దంలోనే ఉంది. కానీ వాటి మీద నావికులకు నమ్మకం తక్కువ. కొన్ని పలకలు కరిగిపోయి ఓడను కాపాడేవి, మరికొన్ని ఏళ్ల తరబడి అలాగే ఉండేవి. కరగని పలక మంచిదనుకోవడం సహజం, కానీ నిజం దానికి విరుద్ధం. కరగలేదంటే అది ఏ పనీ చేయలేదన్నమాట.

కారణం 1950ల్లో అమెరికా, కెనడా నౌకాదళాల పరిశోధనల్లో తేలింది. జింకులో కాస్త ఇనుము కలిసినా పలక మీద గట్టి పొర కట్టి విద్యుత్ ప్రవాహాన్ని ఆపేస్తుంది. తర్వాత స్థిరపడిన అమెరికా సైనిక ప్రమాణం జింకు ఆనోడ్‌లో ఇనుము 0.005 శాతం మించకూడదంటుంది. అంటే ఇరవై కిలోల జింకులో ఒక్క గ్రాము. మిగిలిన ఇనుము చేసే హానిని తగ్గించడానికి కొద్దిగా అల్యూమినియం, కాడ్మియం కలుపుతారు. మోటార్ల ఆనోడ్ చరిత్రలో అన్నిటికన్నా ముఖ్యమైన మలుపు ఇదేనని చెప్పవచ్చు. డేవీ ఆలోచనకు పూచీ ఇచ్చింది ఈ ఒక్క గ్రాము లెక్కే.

ప్రొపెల్లర్ పైన పడవను తిన్నగా నడిపించే చిన్న రెక్క, మోటారును పడవకు పట్టించే బ్రాకెట్ అడుగుభాగం, సిలిండర్ల చుట్టూ నీరు తిరిగే దారులు, ఇలా చాలాచోట్ల ఇప్పుడు ఆనోడ్‌లు ఉంటాయి. బాగా పనిచేస్తున్న ఆనోడ్ గరుకుగా, గుంటలుగా తరుగుతుంది. సగం తరిగినప్పుడు మార్చాలన్నది వాడుకలో ఉన్న నియమం. దానికి రంగు వేయకూడదు. బిగించే చోట రంగు, గ్రీజు అడ్డు లేకుండా లోహం లోహాన్ని తాకాలి.

మిశ్రమలోహం మార్పు

సాధారణ పోత పనికి వాడే 380 తరగతి అల్యూమినియంలో 3 నుంచి 4 శాతం రాగి ఉంటుంది. అది పోతకు అనువు, సముద్రానికి శత్రువు. లోహంలో రాగి ఎక్కువున్న రేణువుల చుట్టూ సూక్ష్మమైన గాల్వానిక్ జంటలు ఏర్పడి గుంటలు పడతాయి. అందుకే మోటారు తయారీదారులు రాగి బాగా తక్కువున్న 360 తరగతి లోహాలకు మారారు. మెర్క్యురీ సంస్థ వాడే ఎక్స్‌కె-360 అలాంటిదే. ఆ పైన రసాయనిక పూత, ప్రైమరు, రంగు పొరలు వేస్తారు.

ఆనోడ్ లోహం కూడా మారింది. సుమారు 5 శాతం జింకు, చిటికెడు ఇండియం కలిపిన అల్యూమినియం ఆనోడ్‌ల పొటెన్షియల్ మైనస్ 1.1 వోల్టుల దగ్గర ఉంటుంది, జింకుకన్నా కాస్త కిందే. కిలో జింకు 780 ఆంపియర్-గంటల వరకు ఇస్తే ఈ రకం సుమారు 2,500 ఇస్తుంది. కాడ్మియం లేకపోవడం సముద్రజీవులకు మేలు. అల్యూమినియాన్ని కాపాడేందుకు అల్యూమినియాన్నే కరిగించడం వింతగా అనిపించవచ్చు. అల్యూమినియం మీద సహజంగా ఏర్పడే రక్షణ పొరను ఇండియం నిలవనీయదు, అదే ఇందులోని రహస్యం. కొన్ని పెద్ద పడవల్లో బ్యాటరీ విద్యుత్తుతోనే రక్షణ ప్రవాహం పంపే పరికరాలున్నాయి. బ్యాటరీ అయిపోతే ఆ రక్షణా అయిపోతుంది.

గట్టుకు కట్టి ఉన్న పడవలోకి కరెంటు తీగ లాగినప్పుడు ఎర్తు తీగ ద్వారా మోటారు పక్క పడవల లోహాలతో కూడా జంట కడుతుంది. తీగల్లోంచి బ్యాటరీ కరెంటు నీటిలోకి కారడం మరో జబ్బు. అది గాల్వానిక్ తుప్పు కాదు, దానికన్నా చాలా వేగంగా తినేస్తుంది. ఆనోడ్‌లు హఠాత్తుగా వారాల్లో కరిగిపోతే ముందు తీగల్ని పరీక్షించాలి.

తూర్పు తీరంలో

కోరమాండల్ తీరపు పాత మసూలా పడవలు పలకల్ని కొబ్బరిపీచు తాడుతో కుట్టినవి. మేకులే లేవు కాబట్టి ఈ సమస్యా లేదు. ఆంధ్ర తీరంలో ఫైబర్ పడవలు, వాటికి మోటార్లు వచ్చాక మత్స్యకారులకు ఇది కొత్త ఖర్చయింది. ఫైబర్ విద్యుత్తును పోనివ్వదు, మోటారు తనలో తానే ఒక జంటగా మిగులుతుంది. చాలా గ్రామాల్లో రేవు ఉండదు. పడవను అలల మీదుగా ఇసుకలోకి లాగుతారు, మోటారును పైకి ఎత్తేస్తారు. ఆనోడ్ తనతోపాటు అదే నీటిలో ఉన్న లోహాన్నే కాపాడగలదు. ఎండలో ఉన్న మోటారు సందుల్లో చిక్కిన ఉప్పు గాలిలోని తేమను పీల్చి తడిగానే ఉంటుంది. ఆ సన్నని తడిలో తుప్పు సాగుతుంది, దూరాన ఉన్న ఆనోడ్ దాన్ని చేరలేదు. పైగా ఇసుక రాపిడికి గేర్‌కేసు రంగు ముందే చెదిరి ఉంటుంది. అందుకే ఇసుక మీదికి లాగే పడవలకు ఆనోడ్‌కన్నా ఎక్కువ మేలు చేసేది వేట నుంచి వచ్చిన వెంటనే మోటారును లోపలా బయటా మంచినీటితో కడగడం. తాగునీటికే ఇబ్బంది పడే ఊళ్లలో ఆ నీరు దొరకడం సులువు కాదు. దీన్ని మత్స్యకారుల నిర్లక్ష్యమనడం అన్యాయం.

గోదావరి, కృష్ణా ముఖద్వారాల్లో నడిచే మోటార్లది వేరే స్థితి. వరదకాలంలో నీరు తియ్యబడుతుంది. చాలాకాలం మంచినీటిలో ఉన్న జింకు మీద గట్టి పొర కట్టి, మళ్లీ ఉప్పునీటికి వచ్చాక కూడా అది సరిగా పనిచేయకపోవచ్చు. అలాంటిచోట అల్యూమినియం ఆనోడ్ నయం. మంచినీటికి సరిపడే మెగ్నీషియం ఆనోడ్‌ను సముద్రంలో వాడకూడదు. అది అవసరానికి మించిన విద్యుత్తు పంపుతుంది, దాంతో అల్యూమినియం చుట్టూ క్షారం పెరిగి రంగు లేచిపోతుంది, కాపాడాల్సిన లోహమే దెబ్బతింటుంది.