లినక్స్ – మొబైల్ ఫైళ్ల బదిలీ: చారిత్రక పరిశీలన

లినక్స్ కంప్యూటర్‌కూ మొబైల్ ఫోన్‌కూ మధ్య ఫైళ్ల బదిలీ చరిత్రను 'నిల్వపై అధికారం ఎవరిది?' అన్న ప్రశ్న ఆధారంగా పరిశీలించవచ్చు. 2008లో విడుదలైన తొలి ఆండ్రాయిడ్ ఫోన్ యూఎస్‌బీ మాస్ స్టోరేజ్ పద్ధతిని అనుసరించింది. కేబుల్ కలిపి అనుమతిస్తే ఫోన్‌లోని మెమరీ కార్డు పెన్‌డ్రైవ్‌లా తెరుచుకునేది. లినక్స్‌కు ఇది సులభమే. అయితే ఒకే ఫైల్ వ్యవస్థలో రెండు యంత్రాలు ఏకకాలంలో మార్పులు చేస్తే సమాచారం చెడిపోతుంది. అందువల్ల కార్డు కంప్యూటర్ అధీనంలో ఉన్నంతసేపూ ఫోన్‌కు అందేది కాదు.

2011లో ఆండ్రాయిడ్ 3.0 మీడియా ట్రాన్స్‌ఫర్ ప్రోటోకాల్ (ఎమ్‌టీపీ) వైపు మళ్లింది. కెమెరాల కోసం ఏర్పడిన పిక్చర్ ట్రాన్స్‌ఫర్ ప్రోటోకాల్‌ను మైక్రోసాఫ్ట్ విస్తరించగా రూపొందిన పద్ధతి ఇది. ఇందులో నిల్వ ఫోన్ అధీనంలోనే ఉంటుంది. కంప్యూటర్ ఒక్కొక్క ఫైలును అడిగి తీసుకోవాలి. మ్యూజిక్ ప్లేయర్ల కోసం వెలువడిన లిబ్‌ఎమ్‌టీపీ అనే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ లినక్స్‌లో అప్పటికే ఉంది. అయినప్పటికీ గ్నోమ్ డెస్క్‌టాప్‌లో ఎమ్‌టీపీకి ప్రత్యేకమైన ఏర్పాటు 2013లో, 3.8 వెర్షన్‌తో గాని చేరలేదు.

ఈ పరిణామంలో అధికారం కంప్యూటర్ నుంచి ఫోన్‌కు మారింది. కేబుల్ కలిపి ఉన్నా ఫోన్ తన నిల్వను వాడుకోగలిగింది. కాని ఫోన్‌లోని నిల్వను సాధారణ డిస్కులా వాడుకునే వీలును లినక్స్ వాడుకరి కోల్పోయాడు. సాంకేతిక ప్రమాణం మారినప్పుడు దాని భారం ఎవరిపై పడుతుందో ఈ చరిత్ర స్పష్టం చేస్తున్నది.