వాట్సాప్ వదంతికి ఊరి చాటింపే విరుగుడు

సామాజిక మాధ్యమాల్లో పోలీసులు - ప్రజలు: గద్వాల, వనపర్తి జిల్లాల అనుభవం, చట్టం కల్పించిన హక్కులు

పోలీసు శాఖకూ ప్రజలకూ మధ్య సంభాషణ ఠాణా గడప దాటి సెల్‌ఫోన్ తెరపైకి చేరి దశాబ్దంన్నర కావస్తోంది. ట్రాఫిక్ మళ్లింపు మొదలు తప్పిపోయిన పిల్లల ఆచూకీ వరకు, సైబర్ మోసాలపై హెచ్చరికల నుంచి వదంతుల ఖండన వరకు నేడు పోలీసుల మాట ముందుగా ఫేస్‌బుక్, ఎక్స్, వాట్సాప్‌ల ద్వారానే జనానికి అందుతోంది. అయితే ఆ మాటను జనం నమ్మాలంటే దాని వెనుక తమకు తెలిసిన మనిషి ఉండాలి. చేసిన ఫిర్యాదుకు ఠాణా రికార్డుల్లో చోటు దొరకాలి. ఈ రెండింటిలో మొదటిదాని విలువ ఏమిటో 2018 వేసవిలో జోగులాంబ గద్వాల, వనపర్తి జిల్లాలు చూపించాయి. రెండోదానికి 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన కొత్త చట్టం ఒక రూపం ఇచ్చింది.

ఖాళీ అయిన అరుగులు

2016 అక్టోబరు 11న పూర్వపు మహబూబ్‌నగర్ జిల్లా నుంచి విడివడిన జిల్లాల్లో ఈ రెండూ ఉన్నాయి. వేసవిలో ఉక్కపోత భరించలేక ఆరుబయట మంచాలు వేసుకుని పడుకోవడం ఇక్కడి పల్లెవాసులకు అలవాటు. 2018 వేసవిలో మాత్రం చీకటి పడకముందే జనం ఇళ్లలోకి వెళ్లి తలుపులు బిగించుకోసాగారు. ఈ మార్పును మొదట గమనించింది గ్రామాలకు వెళ్లివస్తున్న కానిస్టేబుళ్లే. కారణం ఆరా తీయగా వాట్సాప్‌లో తిరుగుతున్న వీడియోలు, ఫొటోలు బయటపడ్డాయి. పిల్లలను ఎత్తుకుపోయే ముఠాలు, అవయవాల కోసం మనుషులను చంపే ముఠాలు ఊళ్లలోకి దిగాయన్నది వాటి సారాంశం.

ఆ ఏడాది దేశమంతటా ఇలాంటి వీడియోలు తిరిగాయి. వాటిలో ఒకటి పాకిస్థాన్‌లోని కరాచీలో పిల్లల భద్రతపై అవగాహన కోసం తీసిన చిన్న చిత్రం. మోటారు సైకిల్‌పై వచ్చిన వ్యక్తి బాలుడిని ఎత్తుకెళ్లి, తిరిగి తెచ్చి దించివేసి, పిల్లలను ఎత్తుకుపోవడం ఎంత సులభమో చెప్పే ప్రకటనను చూపించడం అందులోని కథ. చివరి భాగాన్ని కత్తిరించి, తొలి భాగాన్నే నిజమైన అపహరణగా పంపిణీ చేశారు. స్థానిక భాషలో ఒక హెచ్చరిక జోడిస్తే చాలు, ఎక్కడి దృశ్యమైనా పక్క ఊరి సంఘటనగా మారిపోయింది.

డప్పుతో ఊరూరా

అప్పట్లో రెండు జిల్లాల పోలీసు బాధ్యతలు చూస్తున్న ఐపీఎస్ అధికారిణి రెమా రాజేశ్వరి అంతకుముందే ప్రతి గ్రామానికీ ఒక పోలీసును బాధ్యుడిగా నియమించే పద్ధతిని అమలు చేస్తున్నారు. గ్రామ పోలీసు అధికారిగా వ్యవహరించే ఆ కానిస్టేబుల్ తరచూ ఊరికి వెళ్లాలి. పెద్దలను, యువకులను, మహిళలను పలకరించాలి. తగాదాలు ముదరకముందే తెలుసుకోవాలి. వదంతుల విషయం పై అధికారులకు ముందుగా తెలిసింది ఈ ఏర్పాటు వల్లనే.

దీనికి విరుగుడుగా పోలీసులు మూడు మార్గాలను ఎంచుకున్నారు. మొదటిది, గ్రామ పోలీసులు తమ ఫోన్ నంబర్లను ప్రజలకు ఇచ్చి, ఊరి వాట్సాప్ గ్రూపుల్లో తామూ సభ్యులుగా చేరారు. అనుమానాస్పద సందేశం కనిపించగానే అది అబద్ధమని అక్కడే చెప్పే వీలు దీనివల్ల కలిగింది. రెండోది, ఫోన్ లేనివారి కోసం డప్పు చాటింపు వేయించారు. కొత్తవారు కనిపిస్తే చేయి చేసుకోవద్దని, వెంటనే పోలీసులకు కబురు చేయాలని ఊరూరా చెప్పించారు. మూడోది, పాటలు పాడగల పోలీసులు, జానపద కళాకారులతో బృందాలు ఏర్పాటు చేసి, వదంతి ఎలా పుడుతుందో, ఎలా ప్రాణం తీస్తుందో పాటల రూపంలో, ప్రదర్శనల రూపంలో వివరించారు.

ఈ ప్రయత్నం 400కు పైగా గ్రామాలను చుట్టింది. ఆ కాలంలో ఈ రెండు జిల్లాల్లో వదంతుల కారణంగా ఒక్క ప్రాణమూ పోలేదు. దేశ, విదేశీ పత్రికలు ఈ ప్రయోగాన్ని ప్రత్యేకంగా ప్రస్తావించాయి.

మిగతా చోట్ల రక్తపాతం

అదే వేసవిలో మిగతా ప్రాంతాల పరిస్థితి వేరుగా ఉంది. మే నెలలో హైదరాబాద్ పాతబస్తీలోని చాంద్రాయణగుట్ట వద్ద పిల్లలను ఎత్తుకుపోయేవారన్న అనుమానంతో జనం ట్రాన్స్‌జెండర్లపై దాడి చేయగా ఒకరు ప్రాణాలు కోల్పోయారు. జూలై 1న మహారాష్ట్ర ధూలే జిల్లా రైన్‌పాడా గ్రామంలో సంచార జాతికి చెందిన ఐదుగురిని కొట్టి చంపారు. జూలై 13న కర్ణాటక బీదర్ జిల్లాలో మిత్రులతో కలిసి వెళ్లిన హైదరాబాద్ యువ ఇంజనీరు ఒకరు మూకదాడిలో మరణించారు. బడి పిల్లలకు చాక్లెట్లు ఇవ్వడమే అక్కడ అనుమానానికి దారితీసింది. వారి కారు ఒక ఊరు దాటేలోపే ముందున్న ఊరికి వాట్సాప్‌లో కబురు చేరింది. జనం దారికి అడ్డం పడ్డారు.

ఈ వరుస సంఘటనల నేపథ్యంలో సుప్రీంకోర్టు 2018 జూలై 17న తహసీన్ పూనావాలా కేసులో కీలక తీర్పు వెలువరించింది. మూకదాడుల నివారణకు ప్రతి జిల్లాలో ఎస్పీ హోదాకు తగ్గని అధికారిని నోడల్ అధికారిగా నియమించాలని రాష్ట్రాలను ఆదేశించింది. ఉద్రిక్తతలు రేపే సందేశాల వ్యాప్తిని అరికట్టాలని కూడా స్పష్టం చేసింది. అదే నెలలో వాట్సాప్ సంస్థ భారత్‌లో ఒక సందేశాన్ని ఒకేసారి ఐదుకు మించి పంపకుండా పరిమితి విధించింది.

తెరపైకి వచ్చిన ఖాకీ

పోలీసులు ఈ వేదికలను ఆశ్రయించడం 2010 ప్రాంతంలో ఊపందుకుంది. కామన్వెల్త్ క్రీడలకు సిద్ధమవుతున్న ఢిల్లీలో ట్రాఫిక్ పోలీసులు 2010లో ఫేస్‌బుక్ పేజీ తెరిచారు. నిబంధనలు ఉల్లంఘించిన వాహనాల ఫొటోలను పౌరులే పంపడం, వాటి ఆధారంగా చలానాలు రాయడం అప్పట్లో చర్చనీయాంశమైంది. అదే ఏడాది అక్టోబరులో ఇంగ్లండ్‌లోని గ్రేటర్ మాంచెస్టర్ పోలీసులు 24 గంటలపాటు తమకు వచ్చిన ప్రతి పిలుపునూ ట్విటర్‌లో వెల్లడించారు. లెక్క 3,200 దాటింది. పోలీసుల రోజు ఎలా గడుస్తుందో ప్రజలు తొలిసారి ప్రత్యక్షంగా చూశారు.

ముంబయి పోలీసులు 2015 డిసెంబరులో ట్విటర్ ఖాతా తెరిచి చమత్కారపు వ్యాఖ్యలతో పేరు తెచ్చుకున్నారు. కేరళ పోలీసులు సినిమా దృశ్యాలకు హాస్యం జోడించిన పోస్టులతో ఫేస్‌బుక్‌లో లక్షలాది మందిని ఆకట్టుకున్నారు. తెలంగాణలో 2014 అక్టోబరు 24న ప్రారంభమైన షీ టీమ్స్‌కు మహిళలు వాట్సాప్ ద్వారా కూడా ఫిర్యాదు చేయగలిగారు. ఠాణా మెట్లెక్కడానికి సంకోచించే యువతులకు ఇది పెద్ద ఊరట. ఆంధ్రప్రదేశ్‌లో 2020లో వచ్చిన దిశ యాప్ స్థానంలో 2025 మార్చిలో శక్తి యాప్‌ను ప్రవేశపెట్టారు.

ఎదురుదెబ్బలూ లేకపోలేదు. 2014 ఏప్రిల్‌లో న్యూయార్క్ పోలీసులు తమతో దిగిన ఫొటోలను పంచుకోవాలని నగరవాసులను కోరారు. జనం పోలీసు దౌర్జన్యాల చిత్రాలతో ఆ వేదికను నింపేశారు. వీధిలో లేని నమ్మకాన్ని తెరపై సంపాదించలేమని ఆ ఉదంతం తేల్చింది.

పోస్టు వేరు, ఎఫ్‌ఐఆర్ వేరు

పోలీసు పేజీ కింద రాసిన వ్యాఖ్యకు 'మీ విషయం సంబంధిత అధికారుల దృష్టికి తీసుకెళ్లాం' అన్న జవాబు వస్తే పని పూర్తయిందని చాలామంది భావిస్తారు. చట్టం దృష్టిలో అది ఎఫ్‌ఐఆర్ కాదు. విచారణార్హమైన నేరం గురించి సమాచారం అందితే కేసు నమోదు చేయడం తప్పనిసరి అని సుప్రీంకోర్టు 2013 నవంబరు 12న లలితా కుమారి కేసులో తీర్పు ఇచ్చింది. ఆ హక్కును వినియోగించుకోవాలంటే ఫిర్యాదు సరైన మార్గంలో ఠాణాకు చేరాలి.

భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 173వ సెక్షన్ ఇందుకు వీలు కల్పిస్తోంది. నేరం ఏ ఠాణా పరిధిలో జరిగినా సమీప ఠాణాలో ఫిర్యాదు చేయవచ్చు. ఎలక్ట్రానిక్ మార్గంలోనూ సమాచారం ఇవ్వవచ్చు. అయితే ఫిర్యాదుదారు మూడు రోజుల్లోగా సంతకం చేస్తేనే అది రికార్డుకెక్కుతుంది. ఎఫ్‌ఐఆర్ ప్రతిని ఉచితంగా ఇవ్వాలి. ఠాణా అధికారి నిరాకరిస్తే వివరాలను రాతపూర్వకంగా ఎస్పీకి పంపవచ్చు. అక్కడా న్యాయం దక్కకపోతే మేజిస్ట్రేటును ఆశ్రయించవచ్చు. దర్యాప్తు ఎంతవరకు వచ్చిందో 90 రోజుల్లోగా బాధితులకు లేదా ఫిర్యాదుదారుకు తెలపాలని 193వ సెక్షన్ నిర్దేశిస్తోంది. ఈ సమాచారాన్ని ఎలక్ట్రానిక్ మార్గంలోనూ పంపవచ్చు.

సున్నితమైన కేసులు మినహా ఎఫ్‌ఐఆర్‌లను 24 గంటల్లో పోలీసు వెబ్‌సైట్‌లో ఉంచాలని 2016 సెప్టెంబరు 7న సుప్రీంకోర్టు ఆదేశించింది. సాంకేతిక ఇబ్బందులున్న ప్రాంతాలకు కొంత అదనపు గడువు ఇచ్చింది.

పోలీసులకూ హద్దులున్నాయి

ప్రజాదరణ కోసం పోలీసు పేజీలు హాస్యాన్ని ఆశ్రయించడంలో తప్పు లేదు. కానీ పట్టుబడిన వ్యక్తి ముఖాన్ని లోకానికి చూపి నవ్వించడం వేరు. నేరం రుజువయ్యేవరకు ఎవరైనా నిందితుడే. కోర్టు నిర్దోషిగా వదిలిపెట్టినా ఇంటర్నెట్‌లో ఆ ఫొటో మిగిలే ఉంటుంది. పోలీసులు కేసుల వివరాలను మీడియాకు ఎలా వెల్లడించాలన్న విషయమై మార్గదర్శకాలు రూపొందించాలని 2023 సెప్టెంబరు 13న సుప్రీంకోర్టు కేంద్ర హోం శాఖను ఆదేశించింది. అత్యాచార బాధితుల గుర్తింపును వెల్లడించడం భారతీయ న్యాయ సంహిత 72వ సెక్షన్ కింద నేరం. పిల్లల విషయంలో పోక్సో చట్టం, బాలల న్యాయ చట్టం కూడా ఇదే కట్టుబాటు విధించాయి. సానుభూతితో బాధితురాలి ఫొటో పంచుకునే పౌరుడికీ ఇది వర్తిస్తుంది.

విమర్శను సహించడమూ హద్దుల్లో భాగమే. సామాజిక మాధ్యమాల్లో రాతలపై అరెస్టులకు దారితీసిన ఐటీ చట్టంలోని 66ఏ సెక్షన్‌ను సుప్రీంకోర్టు 2015 మార్చి 24న కొట్టివేసింది.

పాఠకులు గుర్తుంచుకోవలసినవి

* ప్రాణాపాయంలో పోస్టు పెట్టి ఎదురుచూడరాదు. 100 లేదా 112 నంబరుకు ఫోన్ చేయాలి.

* ఆన్‌లైన్ మోసంలో డబ్బు పోతే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయాలి. డబ్బు ఖాతాలు మారకముందే నిలిపివేయించే అవకాశం ఉంటుంది. జాతీయ సైబర్ నేరాల పోర్టల్‌లోనూ ఫిర్యాదు చేయవచ్చు.

* వీడియో కాల్‌లో 'డిజిటల్ అరెస్టు' చేశామని బెదిరిస్తే నమ్మరాదు. అలాంటి అరెస్టు ఏ చట్టంలోనూ లేదు.

* పోలీసు అధికారి పేరు, ఫొటోతో ఉన్న ఖాతా నుంచి డబ్బు అడిగితే అది నకిలీదని గ్రహించి ఠాణాకు తెలపాలి.

* అనుమానాస్పద వీడియో వస్తే ఇతరులకు పంపకుండా గ్రామ పోలీసుకు చూపించాలి. ప్రజల్లో భయాందోళన రేపే తప్పుడు సమాచారాన్ని వ్యాప్తి చేయడం న్యాయ సంహిత 353వ సెక్షన్ కింద మూడేళ్ల వరకు జైలుశిక్షకు దారితీయవచ్చు.

* ఫిర్యాదును బహిరంగ వ్యాఖ్యగా రాసేటప్పుడు చిరునామా, ఫోన్ నంబరు, బ్యాంకు వివరాలు ఇవ్వరాదు.

ఎవరికి చేరుతోంది?

ఒక పోలీసు పేజీని ఎన్ని లక్షల మంది అనుసరిస్తున్నారన్నది సులువుగా లెక్కకు అందుతుంది. దాని పనితీరును కొలవడానికి మాత్రం వేరే ప్రశ్నలు వేయాలి. వచ్చిన ఫిర్యాదుల్లో ఎన్ని ఎఫ్‌ఐఆర్ దాకా వెళ్లాయి? వదంతి ఖండన ఎన్ని గంటల్లో ఊరికి చేరింది? స్మార్ట్‌ఫోన్ లేని వృద్ధురాలికి, చదువురాని కూలీకి, తెలుగు కన్నా కన్నడం బాగా వచ్చిన సరిహద్దు పల్లెవాసికి ఆ మాట ఎవరు చెప్పారు? గద్వాల, వనపర్తి పోలీసుల వద్ద చివరి ప్రశ్నకు సమాధానం ఉంది. ఊరివారికి పేరుతో సహా తెలిసిన కానిస్టేబులే ఆ మాట చెప్పాడు. కొత్త యాప్ విడుదలైన ప్రతిసారీ జిల్లా ప్రజలు తమ ఊరికి అలాంటి కానిస్టేబుల్ ఉన్నాడా అని కూడా అడగడం అవసరం.