మైటోకాండ్రియా, ఫోలేట్, యల్లాప్రగడ సుబ్బారావు: చరిత్ర రచనపై ఒక పరిశీలన

ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రాంగణం దాటి తార్నాక చౌరస్తా నుంచి హబ్సిగూడ వైపు సాగితే రెండు పరిశోధన సంస్థలు ఎదురవుతాయి. 1944లో హైదరాబాదు సంస్థానం నెలకొల్పిన ప్రయోగశాలే నేటి ఐఐసీటీ. అందులోని జీవరసాయన విభాగం నుంచి 1977లో రూపుదిద్దుకున్నది సీసీఎంబీ. కణ పరిశోధనకు చిరునామాగా మారిన ఈ ప్రాంతంలో జీవరసాయన చరిత్రను తెలుగులో రాయబూనినవారికి మొదట తట్టే పేరు మాత్రం ఇక్కడెన్నడూ పనిచేయని యల్లాప్రగడ సుబ్బారావుది.

ఆయన కృషిని మన రచనలు ఏటీపీ, ఫోలిక్ ఆమ్లం, ఆరియోమైసిన్ అంటూ విడివిడి ఘనతల పట్టికగా చూపుతాయి. ఆ పట్టికలో కాలక్రమం మరుగున పడుతోంది. ఫిస్కేతో కలిసి సుబ్బారావు ఏటీపీని ప్రకటించింది 1929లో. అదే ఏడు జర్మనీలో లోమన్ కూడా ప్రకటించాడు. దాని తయారీకి మైటోకాండ్రియాతో గల సంబంధం అప్పటికి తెలియదు. కెనడీ, లెనింజర్ల ప్రయోగాలు దానిని నిలబెట్టింది 1948-49లో. 1948 ఆగస్టులోనే సుబ్బారావు కన్నుమూశారు. మన పాఠ్యపుస్తకాల ‘కణ శక్త్యాగారం’ వెనుక ఉన్నది 1957లో సీకెవిట్జ్ వాడిన ఆంగ్ల పదబంధం.

ఫోలిక్ ఆమ్లం కథ ఇంకా చిక్కనిది. సుబ్బారావు సోదరులను స్ప్రూ వ్యాధి బలిగొన్నది. ఆయన సారథ్యంలోని లెడర్లీ బృందం 1945లో సంశ్లేషించిన ఫోలిక్ ఆమ్లం ఆ వ్యాధికే మందైంది. దానిని పోలినట్లు కనిపించి కణాన్ని మోసగించే అమినోప్టెరిన్, మెథోట్రెక్సేట్ కూడా అదే బృందం తయారుచేసింది. డీఎన్ఏ నిర్మాణానికి ఫోలేట్ తప్పనిసరి; అందుకే అది అందకపోతే వేగంగా విభజన చెందే క్యాన్సరు కణం నిలవలేదు.

2025లో ‘సైన్స్’ పత్రికలో కొలోన్‌లోని మాక్స్ ప్లాంక్ సంస్థ పరిశోధకులు ప్రచురించిన వ్యాసం ఈ రెండు కథలనూ ఒకచోటికి తెచ్చింది. టాక్సోప్లాస్మా అనే పరాన్నజీవి కణంలో చొరబడినప్పుడు మైటోకాండ్రియా తమ డీఎన్ఏను పెంచుకుంటాయి, ఫోలేట్‌ను అధికంగా వాడుకుంటాయి. పరాన్నజీవికి అది కరువై పెరుగుదల మందగిస్తుంది. శక్త్యాగారం అన్న మాటలో ఈ పోరు ఇమడదు. ఒకే ఆస్తి కోసం తగవుపడే దాయాది అంటే కొంత దగ్గరగా ఉంటుంది, శాస్త్ర పరిభాషకు ఒప్పదేమో గాని.

ఇదంతా సుబ్బారావు ముందే ఊహించారని రాయడానికి ఆధారం లేదు. అభిమానంతో అలా రాస్తే ఆయన నిజంగా చేసిన పని చిన్నబోతుంది. ఫోలేట్ దారిని మూసి సూక్ష్మజీవిని అణచడం మాత్రం వైద్యులకు కొత్త కాదు: టాక్సోప్లాస్మా వ్యాధికి వాడే పైరిమెథమిన్ ఆ దారినే అడ్డగిస్తుంది.